ఆ వేడినీళ్లు పక్కన పెట్టండి

ఆగండి. ఆ బకెట్ కింద పెట్టండి.

గీజర్ నుంచి ఇప్పుడే పట్టిన నీళ్లు. ఆవిరి మీ మొహానికి తగులుతోంది. ఎదురుగా పెద్ద ప్లాస్టిక్ టబ్బు, దాని పక్కన మడత విప్పిన బూడిద రంగు కంబళి. చలికాలమంతా కప్పుకున్నారు దాన్ని. మెడ తగిలే అంచు జిడ్డు పట్టింది. ఒక మూల ఎప్పుడో ఒలికిన టీ మరక. మురికి వదలాలంటే కాగే నీళ్లే పడాలని మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. టబ్బులో కంబళి వేసి ఆ నీళ్లు ఒంపేయడమే తరువాయి.

ఒంపితే, మంచం నిండా పరుచుకునే కంబళి సాయంత్రానికి ఉయ్యాలకు సరిపోయేంత అవుతుంది. మందంగా, అట్టకట్టి. దాన్ని మళ్లీ మామూలుగా చేసే ఉపాయం ఏదీ లేదు.

"గంత ఉడుకు నీళ్లు పోస్తే ముడుసుకపోతది బిడ్డా" అంటోంది నానమ్మ. మెట్ల గది నీడలో, నులక మంచం మీద కాళ్లు చాపుకుని, మిమ్మల్నే చూస్తోంది.

ఆదిలాబాద్‌లో మీ డాబా మీద ఉన్నారు. ఫిబ్రవరి సగం దాటింది. పొద్దున తొమ్మిది. జనవరిలో రాత్రిళ్లు పది డిగ్రీల కిందికి పడిపోయిన చలికి ఇప్పుడు జాడ లేదు. నీడలో చల్లగా ఉంది, ఎండలోకి అడుగేస్తే వీపు చురుక్కుమంటోంది. కంబళ్లు ఉతికి సందూకలో పెట్టాల్సిన రోజులివే. ఇంకో నెల ఆగితే డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి వాటంతటవే మరిగిపోతాయి. అప్పుడు గీజర్‌తో పనిలేకుండానే కంబళి పాడవుతుంది.

నీళ్లలో ముంచే ముందు ఒకటి తేల్చుకోండి. ఇది నిజంగా ఉన్నేనా?

అంచు దగ్గర ఒక పోగు లాగండి. పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్ల ముట్టించండి. చిన్నగా అంటుకుంది. అగ్గిపుల్ల పక్కకు తీయగానే ఆరిపోయింది. జుట్టు కాలిన కమురు వాసన గుప్పుమంది. మిగిలిన నల్లటి ముద్ద చల్లారాక వేళ్ల మధ్య నలిపితే పొడైపోయింది. ఉన్నే, సందేహం లేదు. పోగు కరిగి, గట్టి పూసలా మిగిలి ఉంటే అది యాక్రిలిక్కో పాలిస్టరో అయ్యుండేది. 'ఉలన్' అని చెప్పి అమ్మే పెద్ద పెద్ద పూల రగ్గుల్లో చాలావరకు ఆ బాపతే. సోలాపూర్ చద్దరైతే నూలు. వాటికి ఇంత తతంగం అక్కర్లేదు, ఇవాళ్టి బాధంతా ఈ కంబళితోనే.

మూలన కుట్టిన చిన్న గుడ్డముక్క తిప్పి చూడండి. తొట్టి బొమ్మ, అందులో చేయి ఉంది. చేత్తో ఉతకొచ్చని అర్థం. తొట్టి మీద ఇంటూ గుర్తు ఉంటే ఇక్కడితో ఆపి డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేయాల్సిందే.

ఇప్పుడు కుట్టుమిషను టేపు తెండి. 60 అంగుళాల వెడల్పు, 90 పొడవు. డాబా గచ్చు మీద సుద్దతో ఈ కొలతకు నాలుగు మూలలూ గుర్తు పెట్టండి. నానమ్మ నవ్వుతోంది. నవ్వనీయండి. మధ్యాహ్నానికి ఈ గీతలే దిక్కవుతాయి.

ఎర్ర అంచు మీద చల్లటి నీళ్లు రెండు చుక్కలు వేసి, తెల్ల చేతిరుమాలుతో అదిమి చూడండి. రుమాలుకు రంగు అంటలేదు. సరే. పిట్టగోడ మీద ఆరేసి రెండు వైపులా దులపండి. ఎండలో దుమ్ము లేస్తోంది, ముక్కు దురద పెడుతోంది. ఇక్కడ తొందరపడకండి. ఉన్నిలో మురికి చాలావరకు పొడి దుమ్మే. నీళ్లు తగలకముందే అది పోతే తర్వాత రుద్దే పని ఉండదు.

ఇక నీళ్లు. ట్యాంకు నుంచి టబ్బు సగానికి పైగా నింపండి. మరీ జివ్వుమంటోంది కదా, గీజర్ నీళ్లు ఒకటి రెండు మగ్గులు కలపండి. మణికట్టు లోపలి వైపు ముంచి చూడండి. వేడి అనిపించకూడదు. కాస్త చల్లగా ఉన్నట్టే ఉండాలి. 30 డిగ్రీలకు మించొద్దు. ఇదే వెచ్చదనంతో మరో మూడు బకెట్లు నింపి పక్కన పెట్టుకోండి. జాడించేటప్పుడు వేడిలోంచి చల్లటి నీళ్లలోకి, మళ్లీ వేడిలోకి మార్చడం ఉన్నికి పడదు.

మీ చేయి సర్ఫు డబ్బా మీదికి పోతోంది. డబ్బా వెనక చదవండి. 'ఎంజైములు' అని గొప్పగా రాసుకున్నారు. పప్పు, పాలు, రక్తం మరకల్లోని మాంసకృత్తులను కొరికి విడగొట్టేవి అవే. గొర్రె ఉన్ని కూడా మాంసకృత్తే, కెరటిన్. మరక ఏదో కంబళి ఏదో ఆ ఎంజైముకు తెలియదు. పైగా బట్టల పొడుల్లో క్షారం ఎక్కువ, దానికి ఉన్ని తట్టుకోలేదు. తెల్లబట్టలకు వాడే బ్లీచ్ సీసాను అయితే ఈ డాబా మీదికే రానీయకండి. అది ఉన్నిని కరిగించేస్తుంది. ఉన్ని బట్టల కోసమే అమ్మే ద్రవం, ఈజీ లాంటిది, ఇంట్లో ఉంటే అది చాలు. ఒక మూతెడు.

ఇవాళ అదీ అక్కర్లేదు. నానమ్మ రాత్రే కుంకుడుకాయలు నానేసింది. గింజలు తీసి, పిసికి, పాత పంచె ముక్కలో వడగట్టి గిన్నె మీ ముందుకు జరిపింది. తేనె రంగు రసం, పైన నురగ. మన బోరు నీళ్లలో సబ్బు రుద్దితే తెట్టు కడుతుంది, ఆ తెట్టు ఉన్ని పోగుల మధ్య ఇరుక్కుని ఎంత జాడించినా వదలదు. కుంకుడు రసానికి ఆ గొడవ లేదు. తెల్ల కంబళికి మాత్రం వద్దు, పసుపు ఛాయ వదులుతుంది. మీది బూడిద రంగు. పోయండి.

కంబళిని టబ్బులోకి దించండి.

మునగదు. నీళ్ల మీద తేలుతూ మొండికేస్తుంది. అరచేతులతో అదమండి. బుడగలు బుసబుసమంటూ పైకి వస్తున్నాయి. గొర్రె ఒంటి జిడ్డు ఇంకా కొంత ఆ పోగులకు ఉంది, పైపొర నీటి చుక్కను దగ్గరికి రానీయదు. అందుకే సన్నటి తుంపరలో గొర్రెలు తడవకుండా తిరుగుతాయి. అదుముతూ ఉండండి. ఒక్కో మూలే నల్లబడి కిందికి దిగుతోంది. మొత్తం మునిగాక వాసన మొదలవుతుంది. తడిసిన గొర్రెల మందలో నిలబడ్డట్టే. ముక్కు మూసుకోకండి, అది మీ కంబళి అసలైనదని ఇంకో సాక్ష్యం.

పది, పదిహేను నిమిషాలు. అంతే. మధ్యలో రెండుసార్లు అరచేతులతో అదిమి వదలండి. నీళ్లు మట్టి రంగుకు తిరిగాయి. జిడ్డు అంచును మాత్రం కాస్త కుంకుడు రసంతో వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. రుద్దకండి.

ఇంత మురికి చూశాక మీ ప్రాణం ఊరుకోదు. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న అక్క కూడా ఊరుకోదు. "గట్ల ముద్దుగ ఒత్తితే పోతదా? కాళ్లతోని తొక్కరాదు? లేకుంటే మిషన్ల ఎయ్యరాదు?"

నిజమే కదా. బొంతలు, జంపఖానాలు మనం తొక్కే కదా ఉతుకుతాం. మీ చెప్పులు ఇప్పటికే పక్కన ఉన్నాయి. కుడికాలు టబ్బు అంచు దాటింది. పాదానికి నురగ తగిలింది.

కాలు తీయండి.

ఎందుకో చెప్పడం కన్నా చూపించడం తేలిక. మీ తల్లోంచి ఒక పొడుగు వెంట్రుక తీయండి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి కొసకు జార్చండి. నున్నగా జారింది. ఇప్పుడు కొస నుంచి కుదురుకు. వేళ్లకు పట్టుపట్టుగా గరుకు తగులుతోంది కదా? వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులు ఒకదాని మీద ఒకటి, అన్నీ కొసవైపే తిరిగి ఉంటాయి. మీ వెంట్రుక, గొర్రె వెంట్రుక ఒకే పదార్థం. వేడి నీళ్లు, సబ్బు తగిలి ఉన్ని ఉబ్బినప్పుడు ఆ పొలుసులు లేచి నిలబడతాయి. అప్పుడు తొక్కితే, బండ మీద బాదితే, మిషన్‌లో గిరగిరా తిప్పితే పోగులు ఒకే దిక్కుకు జరుగుతాయి. ముందుకు పోవడమే కానీ వెనక్కి రావడం లేదు. ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి. కంబళి ముడుచుకుపోవడమంటే ఇదే. కాశ్మీర్‌లో నమ్‌దాలు కావాలనే ఇలా చేస్తారు. మగ్గం లేకుండా, ఉన్ని పరిచి, సబ్బు నీళ్లు చల్లి, చాపలో చుట్టి బాగా అదిమితే అది దళసరి పరుపై కూర్చుంటుంది. అది వాళ్ల పని. మీకు కావాల్సింది కంబళి.

మిషన్ సంగతంటారా, 'వుల్' అని విడిగా మీట ఉన్న ముందు తలుపు మిషనైతే, కంబళి మీది గుడ్డముక్క ఒప్పుకుంటే, వేయొచ్చు. మధ్యలో గుంజ తిరిగే పాతరకానికి ఇస్తే కంబళి మీద ఆశ వదులుకోవడమే. నా ఓటు టబ్బుకే.

టబ్బును మెల్లగా వంచి మురికి నీళ్లు పారబోయండి. కంబళిని ఎత్తకండి, టబ్బులోనే ఉండనీయండి. పక్కన పెట్టిన బకెట్ నీళ్లు అంచు నుంచి పోయండి. దాని మీద ధారగా కాదు. అదమండి, ఒంపండి. ఇంకో బకెట్. నురగ తగ్గింది. ఆఖరి బకెట్‌లో అర కప్పు తెల్ల వెనిగర్ కలపండి. మిగిలిన క్షారం ఏమన్నా ఉంటే విరిగిపోతుంది, ఉన్ని చేతికి మెత్తగా తగులుతుంది. వాసన గురించి దిగులొద్దు, ఆరేసరికి పోతుంది.

ఇప్పుడు అసలు గండం.

కంబళి ఎత్తాలి. ఒక మూల పట్టుకుని లేపారు. లేవడం లేదు. ఎండినప్పుడు ఒక చేత్తో భుజాన వేసుకున్నదే, ఇప్పుడు నీళ్లతో రాయిలా కూర్చుంది. ఇంకాస్త గుంజారు. మూల సాగుతోంది. చూడండి, పోగులు విడిపోతున్నాయి.

వదిలేయండి.

తడిసిన ఉన్నికి బలం తగ్గుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఎంత గుంజినా ఓర్చుకున్నది, ఇప్పుడు తన బరువుకే తాను చినుగుతుంది. మోకాళ్ల మీద కూర్చోండి. నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులూ కింద నుంచి పోనిచ్చి, ముద్దనంతా ఒకేసారి ఎత్తండి. నీళ్లు మోచేతుల మీదుగా కారి ఒళ్లంతా తడిపేస్తున్నాయి. కానీయండి. టబ్బు మీద అడ్డంగా పెట్టిన రెండు కర్రల మీద ఉంచి నీళ్లు కారనీయండి.

పిండాలనిపిస్తోందా? రెండు చివర్లూ ఇద్దరు పట్టుకుని మెలిపెట్టే పద్ధతి దుప్పట్లకు. ఇక్కడ కాదు. నేల మీద పొడి నూలు దుప్పటి పరవండి. దాని మీద కంబళి. రెండూ కలిపి చాపలా చుట్టండి. ఆ చుట్ట మీద మోకాలు ఆన్చి, ఒక చివర నుంచి రెండో చివరకు అదుముతూ పోండి. విప్పి చూస్తే నూలు దుప్పటి తడిసి ముద్దయింది, కంబళి సగం తేలికైంది. ఇంకో పొడి దుప్పటితో మరోసారి.

బట్టల తీగ ఎదురుగానే ఉంది. ఎండ నేరుగా పడుతోంది, గాలి బాగుంది. వేసేస్తే గంటలో ఆరిపోతుందనిపిస్తుంది.

"తీగె మీద ఎయ్యకు. సాగుతది. గీ మంచం తీస్కో" అంటూ నానమ్మ లేచింది. "నేను సాప మీద కూసుంట."

ఇంతసేపూ కళ్లముందున్న నులక మంచం! తడి ఉన్నిని బల్లపరుపుగా ఆరబెట్టాలి, కింద నుంచీ గాలి తగలాలి. ఆ రెంటికీ నులక మంచాన్ని మించింది ఎక్కడా దొరకదు. నీడలోనే ఉంచండి. తడిగా ఉన్నప్పుడు తగిలే మండుటెండ ఉన్నిని పసుపు రంగుకు తిప్పుతుంది, పెళుసు చేస్తుంది. నీడ జరిగే కొద్దీ మంచాన్నీ జరపండి.

ముందుగా సుద్ద గీతల మీద పరచండి. మీరు గుంజిన మూల గీత దాటి బయటికి వచ్చింది. పొడవు రెండంగుళాలు తక్కువుంది. కంగారేమీ లేదు. తడిగా ఉన్నంతసేపూ ఉన్ని మాట వింటుంది. అరచేతులతో మధ్య నుంచి అంచుల వైపు తడుముతూ జరపండి. సాగిన మూలను లోపలికి నొక్కండి. 60, 90. కుదిరింది. అలాగే ఎత్తి మంచం మీదికి చేర్చండి. అంచులు మాత్రం మంచం పట్టెలు దాటి వేలాడుతున్నాయి. అవి నేలకు సాగకుండా కింద స్టూళ్లు పెట్టాలి. ఒకటి పెట్టారు. రెండోది తేవడానికి వెనక్కి తిరిగారు.

ధప్.

పిట్టగోడ మీద ఏదో దూకింది.

ఇంకోటి.

"కోతులొచ్చినయ్!" నానమ్మ కేక.

పెద్ద గండుకోతి మంచం వైపే వస్తోంది. తినేదేదో అనుకుంది కాబోలు. వేలాడే అంచు పట్టుకుంది. లాగింది. కంబళి జారింది. మీరు రెండో అంచు పట్టుకున్నారు.

అది లాగుతోంది. మీరూ లాగుతున్నారు.

పట్టు బిగించకండి. తడి ఉన్ని. గెలిచినా చినుగుతుంది. కోతి పళ్లు చూపిస్తోంది. కరిస్తే ఆసుపత్రి, ఇంజెక్షన్లు.

వదలండి. వెనక్కి జరగండి. నానమ్మను మెట్ల గదిలోకి పంపండి. బకెట్. మగ్గు. బాదండి. ఇంకా గట్టిగా. పక్క డాబా అక్క పళ్లెం వాయిస్తోంది. కోతి ఆగింది. చూసింది. అంచు వదిలేసింది. గోడ. చెట్టు. పోయింది.

ఇప్పుడు ఊపిరి పీల్చుకుని దగ్గరికి వెళ్లండి. చినగలేదు. అంచు వంకర పోయింది. మళ్లీ తడమండి, నొక్కండి, కొలత చూడండి. సరిపోయింది. మీరు వదలకుండా ఇంకో రెండు గుంజులు గుంజి ఉంటే సరిపోయేది కాదు. ఈసారి స్టూళ్లు రెండు పక్కలా పెట్టి, ఒక కట్టె చేతికందేలా ఉంచుకుని కాపలా కూర్చోండి.

ఖాళీగా కూర్చున్నారు కదా, నానమ్మ గొంగడి మీదికి చూపు పోతుంది. పనిలో పని, దాన్నీ ముంచేద్దామని.

"దాన్ని నీళ్లల్ల ఎయ్యకు. ఎండల ఏసి కట్టెతోని దులుపు. గంతే."

ఆమె మాట వినండి. ఇది దక్కనీ నల్ల గొర్రె ఉన్ని. రంగు వేసింది కాదు, గొర్రెతో పుట్టిన నలుపు. కురుమలు వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేసింది. నానబెడితే ఆ గంజి బిగువు పోతుంది. చేత్తో నిమిరితే బిరుసుగా గుచ్చుకుంటుంది, నల్లటి వెంట్రుకలు అరచేతికి అంటుకుంటాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టని ఊరికే అనలేదు పెద్దలు, ఏరుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మరక ఉన్నచోట తడిగుడ్డతో అద్ది, కాసేపు ఎండ చూపించి, బాగా దులపండి. ఉన్ని తినే పురుగుకు వెలుతురంటే గిట్టదు, ఈ దులుపుడుకు రాలిపోతుంది.

సాయంత్రం ఐదు. కంబళి ముట్టుకుంటే పొడిగా ఉంది. మడిచేద్దామా?

వద్దు. చెంపకు ఆన్చి చూడండి. చల్లగా తగిలింది. లోపల ఇంకా తడి ఉంది. తన బరువులో దాదాపు మూడోవంతు తేమ దాచుకుని కూడా ఉన్ని పైకి పొడిగానే నటిస్తుంది. ఇప్పుడు మడిచి పెట్టెలో పెడితే వచ్చే చలికాలం మూత తీయగానే బూజు కంపు. రాత్రికి లోపలికి తెచ్చి, అదే మంచం మీద, ఫ్యాను కింద ఉంచండి. రేపు తిరగేసి మళ్లీ నీడకు. చెంపకు చల్లదనం తగలనప్పుడే మడత.

మర్నాడు సాయంత్రం సందూక తెరిచారు. చేతిలో కలరా ఉండల పొట్లం. ఆఖరిసారి ఆపుతున్నాను.

ఉన్నిని తినేది గదిలో ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చెమట, జిడ్డు, తిండి మరకలున్న ఉన్ని దానికి మరీ ఇష్టం. నిన్న మీరు చేసిన ఉతుకే దానికి మొదటి మందు. గాలి చొరకుండా బిగుతుగా మూసిన సంచి రెండోది. ఎండు వేపాకు వేసుకుంటారా, వేసుకోండి, మన ఇళ్లలో అలవాటే, కానీ సంచి మూతి వదులుగా ఉంటే వేపాకు ఒక్కటే కాపాడలేదు. ఆ తెల్ల ఉండలు మాత్రం, ఇంట్లో పసిబిడ్డ ఉన్నా రాబోతున్నా, పెట్టెలో వేయకండి. అందులోని నాఫ్తలీన్ ఆవిరి ఉన్నికి పట్టి ఉండిపోతుంది. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలను అలాంటి కంబళిలో చుడితే రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదరొచ్చు. లోపం ఉందో లేదో చూసి తెలుసుకోలేం. కాస్త పెద్ద పిల్లలైతే పిప్పరమెంటు అనుకుని నోట్లో వేసుకుంటారు. ఇప్పటికే ఆ ఉండల మధ్య పెట్టిన కంబళి మీ ఇంట్లో ఉంటే, బిడ్డకు కప్పకండి. ముందు ఉతికి, రోజుల తరబడి గాలికి ఆరనీయండి. పసివాళ్లకు కప్పడానికి వేరే దుప్పటి చూడండి.